దేవుళ్ళను దించిన ఫానోస్

ఫానోస్ ఓడ స్తంభం మీది నుంచి పడ్డ రోజున గాలి లేదు, అల లేదు. ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవులో సముద్రం పళ్ళెంలో పోసిన నూనెలా కదలకుండా ఉంది. కొత్త మోకులు కట్టడానికి స్తంభం చివరిదాకా ఎక్కిన ఫానోస్‌కి, కింద గట్టు మీద వేయించిన శనగల గంపతో పోతున్న లిసిల్లా కనిపించింది. రేవు మొత్తంలో తనంత ఎత్తు ఎక్కగలవాడు లేడని ఆ పిల్లకి తెలియాలనిపించింది. రెండు చేతులూ వదిలేసి ఊపాడు.

లిసిల్లా తల ఎత్తనే లేదు. కొలత తక్కువైందని గొడవ పెట్టుకున్న ఒక నావికుడితో ఆమె పోట్లాటలో మునిగి ఉంది. వెనక దబ్బుమని చప్పుడైతే ఎవరో మూట పడేశారనుకుందట.

ప్రాణం దక్కింది. ఎడమ కాలు మాత్రం తొడ దగ్గర విరిగి వంకరగా అతుక్కుంది. ఆ శీతాకాలమంతా తల్లి పెట్టే పప్పుచారూ బార్లీ రొట్టే తింటూ మంచాన పడి ఉన్నాడు. వసంతం వచ్చి ఓడలు ప్రయాణాలు మొదలుపెట్టేసరికి కర్ర సాయంతో నడవడం పట్టుబడింది. ఎవరూ చూడని వేళ చూసి ఒకసారి ఓడ స్తంభం ఎక్కబోయాడు. రెండు బారలు ఎక్కాడో లేదో చేతులకు చెమటలు పట్టాయి, కళ్ళు తిరిగాయి. జారుకుంటూ కిందికి వచ్చేశాడు. ఇకమీదట ఎక్కనని, కాలు సహకరించడం లేదని అందరితో చెప్పాడు. కాలు నిజానికి బాగానే సహకరించింది. సహకరించనిది గుండె.

రేవు జనానికి జాలి ఉన్నా నోటికి అడ్డూ ఆపూ లేదు. దేవుళ్ళలో కుంటివాడు కమ్మరి దేవుడు హెఫైస్తోస్. కన్నతల్లే ఆకాశం మీంచి విసిరేసిందని చెబుతారు ఆయన్ని. ఆ పేరే ఫానోస్‌కి అంటించారు.

"ఏరా హెఫైస్తోస్! ఇవాళ ఏ లోకంలోంచి పడ్డావురా?" అని కేకేసేవాడు పాత తోటి పనివాడు మికోన్.

"మీ ఆవిడ వేయించే నెత్తళ్ళ కంపుకి కళ్ళు తిరిగి పడ్డాన్రా," అనేవాడు ఫానోస్.

మాటకు మాట అంటించినా, వాళ్ళంతా ఓడలెక్కి వెళ్ళిపోయాక గట్టు మీద ఒంటరిగా కూర్చుని మోకు ముక్కలు పేనుకునే మధ్యాహ్నాలు అతనికి భారంగానే గడిచాయి. అలాంటి ఒక మధ్యాహ్నం లిసిల్లా తండ్రి నౌసోన్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

మునీఖియా గుట్ట వాలులో ఉన్న నాటకశాలలో నౌసోన్ పని. వేదిక వెనకాల ఉండే చెక్క ఇంటి పై నుంచి ఒక పొడుగాటి దూలం బయటికి చాచుకుని ఉంటుంది. దాని కొసన గిలక, గిలక మీదుగా మోకు, కింద మోకును చుట్టే రాట్నం. నాటకంలో మనుషులు తమ గొడవలు తాము తీర్చుకోలేని చోటికి కథ వచ్చినప్పుడు, దేవుడి వేషం వేసినవాడు ఆ మోకుకు వేలాడుతూ ఆకాశంలోంచి దిగి వస్తాడు. పనివాళ్ళు ఆ దూలాన్ని అంజూరపు కొమ్మ అనేవారు. దేవుళ్ళు పళ్ళలాగా వేలాడేది దానికే కదా.

"మోకు చూస్తే ఎంత బరువు మోస్తుందో చెప్పగలవా?" అన్నాడు నౌసోన్.

"పట్టుకు చూస్తే చెప్తాను."

"అయితే నా దగ్గరికొచ్చెయ్. ఎక్కే పని నేను చూసుకుంటా. నువ్వు కిందుండి దేవుళ్ళని దించితే చాలు. గబుక్కున దిగితే జనం నవ్వుతారు. మరీ నిదానంగా దిగితే ఆవలిస్తారు. ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది భక్తి."

"దించడం నాకు తెలుసులే పెద్దాయనా. ఒకసారి నన్ను నేనే దించుకున్నాగా."

నౌసోన్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. మర్నాటి నుంచి ఫానోస్ నాటకశాల మనిషయ్యాడు.

మొదట్లో ఇసుక బస్తాలు దించాడు. తరవాత గంపలో కోడిగుడ్లు పెట్టి దించడం మొదలుపెట్టాడు. మొదటి రోజు పగిలిన గుడ్లతో ఇద్దరూ అట్టు వేసుకు తిన్నారు. కొన్నాళ్ళకి అట్లు తినే యోగం తగ్గిపోయింది. రాట్నం పట్టిన ఇద్దరు కూలీలకు మాటతో కాకుండా మోకు మీద అరచేత్తో తట్టి చెప్పడం అలవాటు చేశాడు. ఒక తట్టు తడితే ఆపాలి, రెండు తడితే వదలాలి, మూడు తడితే లాగాలి. మోకు చేతిలో ఉంటే ఫానోస్‌కి పైన వేలాడే మనిషి ఊపిరి కూడా తెలిసేది.

తండ్రికి మధ్యాహ్నం తిండి పట్టుకుని లిసిల్లా రోజూ గుట్ట ఎక్కి వచ్చేది. ఒకనాడు ధైర్యం చేసి అడిగాడు.

"నేను పడ్డ రోజున నువ్వు నన్ను చూశావా?"

"లేదే. ఎందుకు?"

"నీకు చెయ్యి ఊపబోయే పడ్డాను."

లిసిల్లా గంప కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "నా కోసం పడమని నేనడిగానా? వచ్చి శనగలు కొనుక్కుంటే సరిపోయేదిగా!"

ఆ రోజు నుంచీ ఫానోస్ రోజూ శనగలు కొన్నాడు. ఆ ఏడాది తిరక్కముందే పెళ్ళి జరిగింది. విందులో మికోన్ తాగిన గొంతుతో, "ఒరేయ్, దేవలోకంలో కూడా కుంటాయనకే అందగత్తె దొరికింది! ప్రేమదేవతనే కట్టుకున్నాడు!" అని అరిచాడు. ఆ దేవత తరవాత యుద్ధదేవుడితో ఏం వెలగబెట్టిందో అందరికీ తెలుసు. "మిగతా కథ పెళ్ళిలో చెప్పేది కాదు, నువ్వు నోరు మూసుకుని ఆ చేప తిను," అని నౌసోన్ అతని నోట్లో ముక్క కుక్కాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది పెళ్ళికూతురే.

కూతురు పుట్టింది. మెలిత్తా అని పేరు పెట్టారు, తేనెటీగ అని. నౌసోన్‌కి మోకాళ్ళు పట్టేశాక అంజూరపు కొమ్మ పూర్తిగా ఫానోస్ చేతికి వచ్చింది. దాంతోపాటు ఒక చిక్కూ వచ్చిపడింది. ఏటా పండుగ ముందు ఎవరో ఒకరు దూలం చివరిదాకా పాకి గిలకకు నూనె పెట్టాలి. ఫానోస్ ఆ పని మికోన్‌కి అప్పగించాడు. కాలు బాగాలేదన్నాడు. ఎవరూ మారుమాట అనలేదు. ఇంట్లో లిసిల్లా మాత్రం రొట్టె విరుస్తూ, "కాలు బాగానే ఉందిగా," అంది. అతను తల వంచుకున్నాడు. "ఉండనీలే. గిలకకి నూనె పడిందా లేదా అన్నదే మనకి కావాలి," అని గిన్నె అతని ముందుకు జరిపింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

తెలెస్తాస్ అనే నటుడు పిరేయస్‌కి వచ్చింది ఆ తరవాతే. ఏథెన్స్‌లో పేరు మోసినవాడు. గుమ్మటంలాంటి పొట్ట, కంచుగంటలాంటి గొంతు. పనివాళ్ళను పేరు పెట్టి పిలిచే రకం కాదు. అభ్యాసం నాడు అతని నడుముకు తోలు పటకా బిగించి, వీపు దగ్గర కొక్కెం తగిలించి, ఫానోస్ మోకు మీద తట్టాడు. పాదాలు నేల విడిచీ విడవగానే మోకు సన్నగా వణకడం చేతికి తెలిసింది. ఆ వణుకు గాలిది కాదు. వెంటనే దించేశాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు తెలెస్తాస్ కరుగ్గా.

"పటకా వదులైనట్టుంది, సరిచేస్తాను," అంటూ దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినబడకుండా అన్నాడు. "కళ్ళు మూసుకోండి. మొహానికి తొడుగు ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలీదు. నేను కింద నుంచి మాట్లాడుతుంటాను. నా గొంతు వినబడుతున్నంతసేపూ మీకు నేల దగ్గర్లోనే ఉన్నట్టు లెక్క."

తెలెస్తాస్ మొహం ఎర్రబడింది. "నాకు భయమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. నాకూ భయమే. అందుకే కింద పని చూసుకున్నాను."

తెలెస్తాస్ చుట్టూ ఎవరైనా వింటున్నారేమో చూశాడు. తరవాత నెమ్మదిగా, "ఏం మాట్లాడతావు?" అన్నాడు.

"మా ఆవిడ ఇవాళ ఏం వండిందో చెప్తాను."

అలా దేవుడు ఉల్లిపాయలూ నెత్తళ్ళూ వేసిన కూర గురించి వింటూ ఆకాశంలోకి లేచాడు, పుదీనా వేసిన పప్పు గురించి వింటూ దిగాడు. ఆ ఏటి నుంచీ పిరేయస్‌లో నాటకం ఉంటే తెలెస్తాస్ బస ఫానోస్ ఇంట్లోనే. విన్న వంటలన్నీ తిని చూడాలి కదా అనేవాడు. మెలిత్తాను భుజాన ఎక్కించుకుని రాక్షసుడి గొంతుతో గర్జించేవాడు. పిల్ల జడుసుకోకుండా అతని చెవులు పట్టుకుని గుర్రాన్ని తోలినట్టు తోలేది.

మెలిత్తా పెళ్ళీడుకు వచ్చిన ఏడు, చలికాలంలో ద్రాక్షసారాయి దేవుడు దియోనీసోస్ పండుగకి వాన పట్టుకుంది. రోజుల తరబడి ముసురు. మోకులన్నీ నీళ్ళు తాగి ఉబ్బిపోయాయి. నాటకాల రోజున మాత్రం మబ్బు విడి ఎండ వచ్చింది. జనం గొంగళ్ళు కప్పుకుని, వేడి చేసిన ద్రాక్షసారాయి కూజాలతో, అంజూరాల సంచులతో చెక్క బల్లల మీద ఒత్తుకుని కూర్చున్నారు. లిసిల్లా గుమ్మం దగ్గర శనగలు అమ్ముతోంది.

ఆనాటి కథ అరియాద్నేది. నమ్మించి తెచ్చుకున్న ప్రియుడు ఆమెను దీవిలో నిద్రలో వదిలేసి ఓడెక్కి పోతాడు. ఆమె సముద్రంలో దూకబోయే వేళకు దియోనీసోస్ దేవుడు ఆకాశం నుంచి దిగి వచ్చి ఆమెను తన భార్యగా చేసుకుంటాడు. దేవుడు తెలెస్తాస్. అరియాద్నే వేషంలో ఉన్నవాడు చేతులు చాచి, "ఎవరైనా ఉన్నారా పైన?" అని ఏడ్చాడు. అదే గుర్తు. ఫానోస్ మోకు తట్టాడు. ద్రాక్షతీగల కిరీటంతో, కుంకుమపువ్వు రంగు అంగీతో దేవుడు ఇంటి కప్పు మీదుగా తేలుతూ వచ్చాడు. జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు.

దూలానికి రెండు బారల కింద, మోకు ఆగిపోయింది.

ఫానోస్ మళ్ళీ తట్టాడు. కూలీలు వదిలారు. కింద మోకు వదులై వేలాడింది కాని పైన మనిషి కదల్లేదు. ఉబ్బిన మోకు గిలక గాడిలోంచి తప్పి చెక్కకీ చక్రానికీ మధ్య ఇరుక్కుపోయింది. లాగితే రాదు, వదిలితే దిగదు. దేవుడు గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. తిరిగి తిరిగి జనానికి వీపు పెట్టి నిలిచాడు.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత మడమలతో బల్లలు తన్నడం మొదలైంది. ఒక అంజూరప్పండు వచ్చి దేవుడి వీపుకి తగిలింది.

"మికోన్ ఏడీ?" అన్నాడు ఫానోస్.

"పొద్దున నూనె పెట్టేసి సారాయి పందిట్లోకి పోయాడు. ఇప్పుడు లేపినా లేవడు," అన్నాడు ఒక కూలీ.

అప్పుడు పై నుంచి సన్నగా, కంచుగంట గొంతులో ఎన్నడూ వినని సన్నదనంతో వినబడింది. "ఫానోస్... ఉన్నావా? ఏదైనా మాట్లాడు."

ఫానోస్ నోరు తెరిచాడు. వంట పేరు ఒక్కటీ గుర్తు రాలేదు. పక్కన పడి ఉన్న పొట్టి మోకు ముక్కను భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.

నిచ్చెన దాకా ఫరవాలేదు. కప్పు మీదికి చేరాక దూలం ఒక్కటే మిగిలింది, దాని కింద ఖాళీ. బోర్లా పడుకుని రెండు చేతులతో దూలాన్ని కౌగిలించుకున్నాడు. గుండె దూలానికి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు చెక్కలోంచి తిరిగి చెవికి వినబడుతోంది. ఒళ్ళంతా చెమట. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాడు. వెనక్కి పాకడం ముందుకు పాకడం కన్నా కష్టమని తెలిసొచ్చింది. వంకర కాలు ఈడ్చుకుంటూ ముందుకే పాకాడు. చేతులు మాత్రం అతని భయాన్ని పట్టించుకోకుండా, ఓడల మీద నేర్చిన పట్లు తమకు తామే పట్టుకుంటూ పోయాయి.

జనానికి ఇప్పుడు దేవుడి కన్నా పైన, పని బట్టల్లో, బల్లిలా పాకుతున్న మనిషి కనిపించాడు. నావికులు కూర్చున్న వరసలోంచి ఒకడు లేచి అరిచాడు. "అడుగో! హెఫైస్తోస్!"

నాటకశాల పగిలిపోయేలా నవ్వు. ఫానోస్ చెవులు మండిపోయాయి. కింద వేలాడుతున్న తెలెస్తాస్‌కి ఆ పేరు వినబడింది. తొడుగు వెనకాల అతను కళ్ళు తెరిచాడు. తల్లి విసిరేసిన కుంటి హెఫైస్తోస్‌ని ఎవరూ తిరిగి రప్పించలేకపోతే, ద్రాక్షసారాయి తాగించి గాడిద మీద కూర్చోబెట్టి దేవలోకానికి తోలుకొచ్చింది ఈ దియోనీసోసే. కుండల మీద బొమ్మలుగా వేసే ఆ కథ అక్కడ తెలియనివాడు లేడు. తెలెస్తాస్ కాళ్ళు ఝాడించి జనం వైపుకి తిరిగాడు. కంచుగంట మోగింది.

"అన్నా! ఆనాడు నిన్ను పైకి తీసుకొచ్చింది నేను. ఈనాడు నన్ను కిందికి దించవలసింది నువ్వు!"

ఆ తరవాత లేచిన కేకలకు రేవులో పక్షులు లేచిపోయాయని చెప్పుకుంటారు. ఈసారి అది వెక్కిరింత కాదు. ముసలివాళ్ళు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఫానోస్ గిలక దాకా చేరాడు. పొట్టి మోకును దూలానికి కట్టి కొస కిందికి వదిలాడు. "బావా," అన్నాడు గొంతు తగ్గించి. అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి. "ఆ మోకు రెండు చేతులా పట్టుకుని నీ బరువు ఒక్కసారి పైకి లాగు. గుప్పెడంత లాగితే చాలు."

"పడతానేమోరా."

"పడవు. పడేటప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు."

తెలెస్తాస్ పళ్ళు బిగించి లాగాడు. ఇరుక్కున్న మోకు గుప్పెడంత వదులైంది. ఫానోస్ బొటనవేళ్ళతో దాన్ని గాడిలోకి నెట్టి, అరచేత్తో రెండు తట్లు తట్టాడు. కింద కూలీలకు ఆ తట్టు అందింది. దేవుడు మెత్తగా, గుడ్ల గంప దిగినట్టు, అరియాద్నే ముందు దిగాడు.

ఫానోస్ వెంటనే కిందికి రాలేదు. దూలం మీద అలాగే పడుకుని తల తిప్పి చూశాడు. రేవు, ఓడల స్తంభాలు, వాటికి ఆవల వానకు కడిగినట్టున్న సలమీస్ దీవి. ఇంత ఎత్తు నుంచి సముద్రాన్ని చూసి ఎన్నేళ్ళయిందో. భయం పోయిందా అంటే పోలేదు, పక్కనే ఉంది. కాని దాని పక్కన పడుకోవచ్చని తెలిసింది.

కిందికి వచ్చేసరికి నిచ్చెన మొదట్లో లిసిల్లా నిలబడి ఉంది. నవ్వులు విని గంప అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. కొడుతుందేమో అనుకున్నాడు.

"ఈసారి చూశాను," అంది. అని, పై వస్త్రం కొంగుతో అతని నుదుటి చెమట తుడిచింది.

ఆ ఏటి బహుమతి వేరే నాటకానికి పోయింది. తాను రాయని మాటలు తన నాటకంలో ఎలా దూరాయని కవి మూడు రోజులు అలిగి, తరవాత ఆ మాటలు తనవేనని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. తెలెస్తాస్‌కి కోపం రాలేదు. "చెప్పుకోనీ. దూలం మీదికి పాకింది కూడా తానేనని అననంతవరకూ నాకేం," అన్నాడు. మరుసటేటి నుంచి గిలకకి నూనె పెట్టే పని ఫానోసే చేసుకున్నాడు. ఎక్కే ముందు ప్రతిసారీ చేతులకు చెమట పట్టేది. బట్టకి తుడుచుకుని ఎక్కేవాడు.

ఆ తరవాతి ఏళ్ళు పెద్ద గొడవలు లేకుండా నడిచాయి. మెలిత్తా ఒక ఓడమోకుల పనివాణ్ణి కట్టుకుంది. లెప్తినేస్ అని నెమ్మదైన మనిషి, చేతులు చాలా మంచివి. గొంతు బొంగురుపోయి నటన మానేశాక తెలెస్తాస్ ఏథెన్స్ వదిలి వచ్చి ఫానోస్ ఇంటి పక్క గదిలో దిగాడు. ముసలివాళ్ళిద్దరూ ఎండలో కూర్చుని ఆలివ్ కాయలు నములుతూ ఈ తరం దేవుళ్ళకి దిగడం రావడం లేదని తేల్చేవారు. "మీకు లేవడం రావడం లేదు, ముందు అది చూసుకోండి," అని లిసిల్లా ఇద్దరి మధ్యా చీపురు వేసేది.

ఫానోస్ వేళ్ళు వాతంతో ముడుచుకుపోయిన ఏడు మోకు లెప్తినేస్‌కి అప్పజెప్పాడు. ఏం చెయ్యాలో తోచక ఆ పండుగకి మొదటిసారి జనంలో కూర్చున్నాడు. ఒక పక్క లిసిల్లా, ఇంకో పక్క తెలెస్తాస్. అప్పుడు గుర్తుకొచ్చింది అతనికి, ఇన్నేళ్ళలో ఒక్క దేవుణ్ణీ ముందు నుంచి చూడలేదని. అరికాళ్ళూ, వీపు మీది కొక్కెమూ, మాసిన అంగీ అంచులూ మాత్రమే చూశాడు.

నాటకం సాగింది. మనుషులు చిక్కుల్లో పడ్డారు, ఏడ్చారు, ఒకరినొకరు శపించుకున్నారు. ఇక దారి లేదనుకున్న చోట కప్పు మీదుగా వెలుగులా ఏదో తేలివచ్చింది. బంగారు మొహం, విప్పారిన చేతులు. తొందర లేకుండా, ఆలస్యం లేకుండా దిగుతూ వచ్చింది. ఫానోస్ నోరు తెరుచుకుని చూశాడు. పక్కన తెలెస్తాస్ ఏదో గొణుగుతున్నా వినిపించుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాటకం అయ్యాక గుట్ట దిగుతూ లిసిల్లా అడిగింది. "అల్లుడు మోకు బాగా వదిలాడా?"

"మోకా?" అన్నాడు ఫానోస్. ఆగి, ఆలోచించి, నవ్వాడు. "నేను మోకు చూళ్ళేదే."

లెప్తినేస్ వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, "ఎలా ఉంది మామా? మరీ నిదానమైందా?" అని ఆత్రంగా అడిగాడు. ఫానోస్ అతని భుజం మీద చెయ్యి వేసి, బరువంతా ఆ భుజం మీద మోపి, బాగుందన్నాడు. ఇంటికి పోయి తింటూ మాట్లాడుకుందాం పద అన్నాడు. నలుగురూ రేవు వైపుకి దిగారు.